లారీ చట్రముపై తొట్టిని బిగించు విధము

లారీ కొను సంఘములవారు తరచుగా ఇంజనుతో గూడిన చట్రమును మాత్రమే కొని, తొట్టిని విజయవాడ ఆటోనగరు వంటి తావులలో కట్టించుకొందురు. అప్పుడు పలకలను, రంగును చూచువారే గాని, తొట్టి చట్రమునకు తగులు చోటులను చూచువారు అరుదు. లారీ మన్నిక అచ్చటనే యున్నదని మేము చెప్పుచున్నాము.

గతుకులదారిలో ఒక చక్రము గుంటలో దిగగానే చట్రము కొంచెము మెలితిరుగును. అట్లు తిరుగుటకే అది చేయబడినది. తొట్టిని దానికి వెల్డింగుచేసి కదలనీయకున్నచో, ఆ మెలిక భారమంతయు అతుకులమీద పడి, క్రమముగా ఇనుము చీలును. ధాన్యముతో నిండిన లారీ చట్రము దారిలో విరిగినచో, నష్టపడునది సరకు మాత్రమే కాదు. డ్రైవరు, కూలీల ప్రాణములకును ముప్పు.

కావున ఈ అయిదింటిని గమనింపవలెను.

1. చట్రపు పైయంచునకును క్రిందియంచునకును రంధ్రములు గాని వెల్డింగు గాని కూడదు. బరువును ముఖ్యముగా మోయునవి అవియే. పట్టీలను నిలువుపలకకు, కంపెనీవారు చూపిన తావులందే, బోల్టులతో బిగింపవలెను.

2. తొట్టి దూలమునకును చట్రమునకును నడుమ గట్టి కొయ్యబద్ద గాని రబ్బరుపట్టీ గాని యుండవలెను.

3. యూబోల్టు వేయుచోట చట్రపు గాడిలో కొయ్యదిమ్మ నిలుపవలెను; లేనిచో బిగించునప్పుడు అంచులు వంగును. పొగగొట్టము చెంత కొయ్య కాలును గనుక ఇనుపదిమ్మ వాడవలెను.

4. ముందరి బిగింపులకు స్ప్రింగులుండిన, మెలికకు చోటు దొరకును.

5. మొదటి కొన్ని లోడులు తోలిన పిమ్మట నట్లను మరల బిగింపవలెను.

వెల్డింగే చౌక, అదియే గట్టి యని కట్టువారు చెప్పవచ్చును. సభ్యులలో నొకరు, రంగు వేయకమునుపే లారీ క్రిందికి దూరి మొదటి నాలుగింటిని స్వయముగా చూచిన తరువాతనే తుదిసొమ్ము చెల్లించుట మేలు.