ఎస్-21 అసలు కథ

మాది పెబ్బేరు. ఎటు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఎక్కువ నీళ్లు చూడాలనిపిస్తే బీచుపల్లి దాకా పోయి బ్రిడ్జి మీద నుంచి కృష్ణను చూడాల్సిందే. "సంత గురించి రాయరాదురా, నీకు సబ్‌మెరైన్ ఎందుకు?" అని మా రూమ్మేట్ నవ్విండు. తప్పు నాది కాదు, 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమాది.

సినిమాలో మన సబ్‌మెరైన్ పేరు ఎస్-21. విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీతో తలపడి దాన్ని ముంచుతుంది. అది కల్పన. ఘాజీ విశాఖ దగ్గర మునిగింది మాత్రం నిజం, 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో. అది విక్రాంత్ కోసం వచ్చింది, విక్రాంత్‌నేమో మనవాళ్లు అప్పటికే అండమాన్ వైపు పంపేశారు. మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే మునిగిందని మనం అంటాం, లోపలే పేలుడు జరిగిందని వాళ్లంటారు. ఏదైనా, అందులో ఉన్న 90 మందికి పైగా ఒక్కరూ బతకలేదు.

మరి నిజంగా ఎస్-21 అనే నంబరు ఉన్న సబ్‌మెరైన్ ఏది? ఐఎన్‌ఎస్ కరంజ్. యుద్ధంలో అది ఉన్నది విశాఖలో కాదు, అటు పక్క అరేబియా సముద్రంలో, పాకిస్తాన్ తీరం వైపు. దాని కెప్టెన్ కమాండర్ విజయ్ సింగ్ షెకావత్. ఈ గస్తీకే ఆయనకు వీరచక్ర వచ్చింది.

ఇది చెప్పగానే మా రూమ్మేట్ అడిగిన ప్రశ్న: "ఎన్ని ఓడలు ముంచిండు?"

ఒక్కటీ లేదు. ఆ యుద్ధంలో మన సబ్‌మెరైన్లేవీ ఏ ఓడనూ ముంచలేదు. "మరి పతకం ఎందుకిచ్చిన్రు?" అన్నడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నా.

మొదట మెషీన్ సంగతి. కరంజ్ సోవియట్ యూనియన్ నుంచి 1969లో వచ్చింది. దాని అక్కచెల్లెళ్లలో ఒకటైన కుర్సురా ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియం. టూర్‌లో నేను లోపలికి పోయిన. పొడవు 91 మీటర్లు, కానీ లోపల ఒకరికొకరు ఎదురైతే పక్కకు ఒత్తిగిలాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి రంధ్రంలోంచి వంగి దూరాలి. ఇందులో 75 మంది దాకా వారాల తరబడి ఉండేవాళ్లు, స్నానానికి నీళ్లు కూడా చూసుకొని వాడుకుంటూ.

ఇది డీజిల్-ఎలక్ట్రిక్. డీజిల్ ఇంజిన్‌కు గాలి కావాలి కాబట్టి నీళ్ల కింద బ్యాటరీతోనే నడవాలి. బ్యాటరీ తగ్గితే పైపైకి వచ్చి, స్నార్కెల్ గొట్టం నీటి మీదకి పెట్టి, డీజిల్ తిప్పి చార్జ్ చేసుకోవాలి. ఆ సమయంలో గొట్టం రాడార్‌కు దొరకొచ్చు, ఇంజిన్ చప్పుడు సోనార్‌కు వినిపించొచ్చు. శత్రువు తీరం పక్కన ఈ పని మళ్లీ మళ్లీ చేయాలి. దొరికితే లోతుకు పోవాలి. ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ పీడనం పెరుగుతుంది. 200 మీటర్ల దగ్గర ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 200 టన్నుల బరువు. మన ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రెండు మార్కుల బిట్టే, కానీ అక్కడ వెల్డింగ్ ఆగుతుందా లేదా అన్న లెక్క.

ఇప్పుడు అసలు చిక్కు. లక్ష్యం ఎవరిదో ఖాయంగా గుర్తుపట్టకుండా కాల్చొద్దని మన సబ్‌మెరైన్లకు ఆదేశం. కరాచీ దారిలో వేరే దేశాల సరుకు ఓడలూ తిరుగుతుంటాయి. డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద దాడికి మన మిసైల్ బోట్లు కూడా వెళ్లాయి. సోనార్‌లో ప్రొపెల్లర్ చప్పుడు వినిపిస్తుంది, జెండా వినిపించదు. ఖాయం చేసుకోవాలంటే దగ్గరికి పోవాలి, పెరిస్కోప్ ఎత్తాలి, అంటే తనను తాను చూపించుకోవాలి. టార్పెడో వదిలితే వెనక్కి పిలవలేం. తప్పు ఓడ అయితే మునిగేది ఏ సంబంధమూ లేని నావికులు.

సబ్‌మెరైన్ కాలిస్తే ఏమవుతుందో అదే నెలలో మనకే తెలిసింది. డిసెంబర్ 9న డయ్యు దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఖుక్రీని ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే ఉండిపోయారు, ఆయనకు మహావీరచక్ర ఇచ్చారు. ఆ కథలో దృశ్యం ఉంది, సినిమా తీయొచ్చు. షెకావత్ కథలో పెరిస్కోప్ ఎత్తడం, చూడడం, దించడం, మళ్లీ ఎదురుచూడడం. అందుకేనేమో, సినిమావాళ్లు నంబరు వాడుకున్నా కథ మాత్రం కొత్తది రాసుకున్నారు. నాకు దాని మీద కోపం లేదు, ఆ సినిమా లేకపోతే నేను కరంజ్ దాకా పోయేవాణ్ణే కాదు.

షెకావత్ తర్వాత అడ్మిరల్ అయ్యి 1993 నుంచి 1996 దాకా నౌకాదళాధిపతిగా చేశారు. పాత కరంజ్ 2003లో రిటైర్ అయింది. 2021 మార్చి 10న ముంబైలో కొత్త కరంజ్‌ను నౌకాదళంలో చేర్చినప్పుడు ముఖ్య అతిథిగా వచ్చింది ఆయనే, యుద్ధం జరిగిన 50 ఏళ్లకు.

ఇదంతా రూమ్మేట్‌కు చదివి వినిపించిన. కాసేపు ఏమీ అనలే. తర్వాత, "ఆ గొట్టం పైకి పెట్టినప్పుడు ఎంతసేపు ఉండాలె?" అని అడిగిండు.