తొలకరికి ముందే పొట్టేలును తేల్చుకోండి

రాచర్ల, గిద్దలూరు, కొమరోలు వైపు గొర్రెల పెంపకందారులు మే ఎండల్లో నీళ్లకూ నీడకూ అల్లాడుతుంటారు. పొట్టేలు సంగతి వానలు పడ్డాక చూద్దామనుకుంటారు. కానీ ఏ పొట్టేలు ఎండకు నిలుస్తుందో తెలిసేది ఇప్పుడే.

మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. కాళ్లు పొడవు, మేత కోసం ఎంత దూరమైనా నడుస్తుంది. ఈ ఎండల్ని తట్టుకుని ఈనిన గొర్రెల పిల్లలే తరతరాలుగా మిగులుతూ రావడంతో ఈ గుణాలు జన్యువుల్లో పాతుకుపోయాయి. ఒంగోలు ఆవుదీ అదే దారి. దాని తెల్లని వెంట్రుక ఎండను వెనక్కి కొడుతుంది, ఒంట్లో పుట్టే వేడి తక్కువ, కణాలు కూడా వేడికి త్వరగా దెబ్బతినవు. బ్రెజిల్ రైతులు ఈ జాతిని తీసుకెళ్లి నెలోర్ పేరుతో కోట్లలో పెంచుకుంటున్నది ఊరికే కాదు.

ఎండను తట్టుకునే ఆ గుణం ఏ పొట్టేలులో ఎక్కువుందో తెలియాలంటే, ఒకే ఈడు పొట్టేళ్లను ఒకే దొడ్డిలో ఉంచి, మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య కాస్త దూరంగా నిలబడి చూడండి. డొక్క నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతుందో లెక్కపెట్టండి. నోరు తెరిచి రొప్పేదాన్ని పక్కన పెట్టండి. ఆరోగ్యంగా ఉండి, తక్కువ ఎగశ్వాసతో, పొద్దు వాలగానే ముందుగా మేతకు లేచేదాన్ని గుర్తు పెట్టుకోండి. ఒళ్లు, బరువు చూసి మాత్రమే కొనడం నా దృష్టిలో పొరపాటు. మందలో పుట్టే ప్రతి పిల్లకూ సగం జన్యువులు ఆ ఒక్క పొట్టేలువే.

ఎంచుకున్న పొట్టేలును ఇప్పటినుంచే చెట్టునీడన కట్టేయండి. వీర్యకణం తయారు కావడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది కాబట్టి, మేలో తగిలిన ఎండదెబ్బ జూన్, జులైలో చూలు నిలవకపోవడంగా బయటపడుతుంది. పొట్టేలు మీ మందలోకి వచ్చి రెండేళ్లు దాటితే వేరే ఊరి మందతో మార్చుకోండి. లేదంటే అది తన కూతుళ్లనే దాటడంతో పిల్లలు బలహీనంగా పుడతాయి.

పాడి రైతులకు ఒక మాట. సంకర ఆవుకు మళ్లీ మళ్లీ హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సూదే వేయించుకుంటూ పోతే పాలు పెరగొచ్చు, ఎండకు తట్టుకునే శక్తి మాత్రం తరుగుతుంది. విదేశీ రక్తం సగానికి మించనివ్వకండి. ఒంగోలు ఆవుకు ఒంగోలు వీర్యమే వేయించండి. సూది వేసేముందు గోపాలమిత్రను అడిగి, వీర్యం గొట్టం మీద ముద్రించిన జాతి వివరం, ఆబోతు నంబరు మీ పుస్తకంలో రాయించుకోండి.