అడ్రస్ ఎన్నిసార్లు టైప్ చేస్తారు? కీబోర్డ్‌లో షార్ట్‌కట్‌లు ఇలా పెట్టుకోండి

అడ్రస్, మెయిల్ ఐడీ, యూపీఐ ఐడీ, బ్యాంక్ అకౌంట్ నంబర్... వీటిని వారంలో ఎన్నిసార్లు టైప్ చేస్తున్నారో ఒకసారి లెక్కేసుకోండి. చాలామంది పాత చాట్ వెతికి, కాపీ చేసి పేస్ట్ చేస్తుంటారు. మొన్నమొన్నటిదాకా నేనూ అంతే. దీనికి వేరే యాప్ ఏమీ అక్కర్లేదు. మీ ఫోన్ కీబోర్డ్‌లోనే ఆ సెట్టింగ్ ఉంది. మూడు అక్షరాలు కొడితే మొత్తం మేటర్ వచ్చేస్తుంది.

ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ వాడుతుంటే, కీబోర్డ్ సెట్టింగ్స్‌లో 'డిక్షనరీ', అందులో 'పర్సనల్ డిక్షనరీ'లోకి వెళ్లండి. అక్కడ భాషల లిస్ట్ వస్తుంది. ఇంగ్లిష్, తెలుగు రెండూ వాడేవాళ్లు 'ఆల్ లాంగ్వేజెస్' ఎంచుకోవడం బెటర్. ప్లస్ గుర్తు నొక్కితే రెండు బాక్సులు కనిపిస్తాయి. పైదాంట్లో పూర్తి మేటర్, కిందిదాంట్లో షార్ట్‌కట్ ఇవ్వాలి, అంతే. ఆ తర్వాత ఎక్కడైనా షార్ట్‌కట్ కొడితే మేటర్ పైన సజెషన్లలో వస్తుంది, దానిమీద ట్యాప్ చేయాలి. రావట్లేదంటే సజెషన్లు ఆఫ్‌లో ఉన్నాయేమో చూసుకోండి.

ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, 'టెక్స్ట్ రీప్లేస్‌మెంట్'. ఇక్కడ ట్యాప్ కూడా అక్కర్లేదు, స్పేస్ కొట్టగానే అదే మారిపోతుంది. శాంసంగ్ కీబోర్డ్‌లో దీని పేరు 'టెక్స్ట్ షార్ట్‌కట్స్'.

సెట్ చేయడం రెండు నిమిషాల పని. అసలు సమస్య షార్ట్‌కట్‌కి ఏ పేరు పెట్టాలన్నదే. నా ఫ్రెండ్ ఒకడు ఈమెయిల్ కదా అని ఐఫోన్‌లో 'ఈ', 'ఎం' అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు పెట్టుకున్నాడు. మనం చాట్‌లో "ఏం చేస్తున్నావ్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేటప్పుడు మొదట వచ్చేవి ఆ రెండేగా! పలకరించిన ప్రతిసారీ అవతలివాళ్లకి వాడి మెయిల్ ఐడీ వెళ్లేది. అందుకే నేను అన్నిటికీ ముందు 'ఎక్స్' అక్షరం తగిలిస్తా. మన మాటలేవీ దాదాపు ఆ అక్షరంతో మొదలవ్వవు.

నాకు బాగా పనికొచ్చింది బ్యాంక్ ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. అందులో 11 క్యారెక్టర్లు ఉంటాయి. ఐదోది ఎప్పుడూ సున్నానే, చాలామంది అక్కడ 'ఓ' అక్షరం కొట్టేస్తారు. ఒకసారి పాస్‌బుక్ పక్కన పెట్టుకుని సరిచూసి సేవ్ చేస్తే ఇక ఆ తలనొప్పి ఉండదు. కానీ సేవ్ చేసేటప్పుడే తప్పు కొడితే, ఆ తప్పే ప్రతిసారీ వెళ్తుంది. పాస్‌వర్డ్, పిన్, కార్డ్ నంబర్, ఆధార్ మాత్రం ఇందులో అస్సలు పెట్టొద్దు. ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా ఆ లిస్ట్ తెరిస్తే అన్నీ కనిపిస్తాయి.

ఇక నా కథ. కంపెనీ మారేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించమన్నారు. అవి ఊళ్లో ఉన్నాయి. "కొరియర్ చేస్తాన్రా, అడ్రస్ పెట్టు" అన్నారు నాన్న. ఆఫీస్ మెట్లు దిగుతూ షార్ట్‌కట్ కొట్టి పంపేశా. అది కూకట్‌పల్లిలో నేను ఖాళీ చేసి మూడు నెలలైన ఫ్లాట్ అడ్రస్! చేత్తో టైప్ చేసుంటే మొదటి లైన్‌లోనే గుర్తొచ్చేది. షార్ట్‌కట్‌తో వచ్చినదాన్ని మనం చదవం, అదే దీంతో ప్రమాదం. కవర్ వెళ్లాల్సిన చోటికే వెళ్లింది, ఎవరో సంతకం పెట్టి తీసుకున్నారు కూడా. బీటెక్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు అన్నీ అందులోనే. నాలుగు రోజులు ఆ అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగితే చివరికి కింది పోర్షన్ వాళ్ల టీవీ స్టాండ్ మీద దొరికింది. వెరిఫికేషన్‌కి ఇంకొక్క రోజే మిగిలింది. నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

ఆ దెబ్బతో అడ్రస్ షార్ట్‌కట్ పేరు మార్చేశా. ఇప్పుడు 'ఎక్స్' తర్వాత ఏరియా పేరు కొడతా: ఎక్స్, మియాపూర్. ఎనిమిది అక్షరాలు ఎక్కువే, కానీ ఎక్కడుంటున్నానో ఆలోచించకుండా అది కొట్టలేను. ఇల్లు మారితే పాతదాన్ని డిలీట్ చేశాకే గ్యాస్ కనెక్షన్ సంగతి చూస్తా.