కుర్చీకి జీర్ణోద్ధారణము

శిథిలమైన దేవాలయమును మరల నిలువబెట్టుటను మన పెద్దలు జీర్ణోద్ధారణమనిరి. క్రొత్తగుడి కట్టించుటకంటె పాతగుడిని నిలుపుట మిన్న యని వారి విశ్వాసము. ఈ ధర్మము గుడులకును గోపురములకును మాత్రమే చెందినది కాదు. ఇంటిమూల దుమ్ముపట్టి పడియున్న పాతకుర్చీకిని ఇది వర్తించును.

కోనసీమలో, మామిడికుదురు మండలమున, నగరమను గ్రామము కలదు. చుట్టును కొబ్బరితోటలు, కాలువలు, వరిచేలు. చేరువనే వైనతేయ గోదావరి. ఈ సీమలో నీరు సమృద్ధి. గాలిలో తేమయు సమృద్ధియే. నేలకు సిరి నిచ్చు ఆ తేమయే కొయ్యసామానులకు శత్రువు. దానికి తోడు, 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరదయు, 1996 నవంబరు 6వ తేదీన విరుచుకుపడిన పెనుతుపానును కోనసీమను అల్లకల్లోలము చేసినవి. అట్టి వేళల ప్రాణములు దక్కుటయే పదివేలు. నీరు తీసినపిమ్మట, తడిసిన బల్లలను, కుర్చీలను మండుటెండలో వేయుట సామాన్యముగా జనులు చేయు పని. కాని నీటివలన కలిగిన నష్టముకంటె ఈ యెండవలన కలుగు నష్టమే యొక్కొకప్పుడు అధికము. పైపొర త్వరగా ఆరి కుంచించుకొనును. లోపలి భాగము ఇంకను తడిగనే యుండును. ఈ పెనగులాటలో కొయ్య పగులును. తడిసిన సామానును నీడలో, గాలి యాడుచోట, మెల్లగా ఆరనీయవలయును.

విద్యార్థులారా! నగరములో ఒక పాత పెంకుటింట మెత్తలు కుట్టిన టేకుకుర్చీ యున్నదని యూహింపుడు. తాతగారు దానిపై కూర్చుండి పంచాంగము చూచెడివారు. ఇప్పుడు దాని గుడ్డ చినిగినది, పీచు బయటపడినది, వెనుకకాలు ఒకటి అడుగున పుప్పిపట్టినది, కూర్చున్నచో కిర్రుమని యూగును. ఇంటివారి యెదుట రెండు మార్గములున్నవి. దానిని వంటచెరకుగా చీల్చి ప్లాస్టికు కుర్చీ కొనుట యొకటి. నాలుగు ఇనుపమేకులు దిగగొట్టి నెట్టుకొనివచ్చుట రెండవది. మొదటిదానివలన కుర్చీ యొక్కసారిగా నశించును. రెండవదానివలన మెల్లమెల్లగా నశించును. మేకు కొయ్యను చీల్చును. తేమకు త్రుప్పుపట్టి చుట్టునున్న కొయ్యను తినివేయును. మూడవ మార్గము నేర్పరియైన వడ్రంగి యెరుగును. అదియే జీర్ణోద్ధారణము.

వడ్రంగి మొదట ఉలి పట్టడు. కన్నులు పెట్టి చూచును. ఏ కీలు వదులైనది? ఏ కొయ్య పగిలినది? ఎచ్చట పురుగు తొలిచినది? సన్నని రంధ్రములనుండి పిండివంటి పొడి రాలుచున్నచో పురుగు ఇంకను లోపల నున్నదని గ్రహించును. పిదప ప్రతి భాగముమీద గుర్తు వేయును. కుడికాలును ఎడమకాలును చూచుటకు ఒక్కటిగనే యుండును. కాని ఒకదానికై చెక్కిన కుసి మరియొకదాని బెజ్జమున సరిగా కూర్చుండదు.

తరువాత గుడ్డను విప్పవలయును. చిన్నమేకులను ఒక్కొక్కటిగా పెకలింపవలయునే గాని, గుడ్డను పట్టి లాగరాదు. లాగినచో చట్రపు అంచులు పెచ్చులూడును. చినిగిన గుడ్డయైనను పారవేయరాదు. క్రొత్తగుడ్డ కత్తిరించుటకు అదియే కొలత. గుడ్డక్రింద దూది, దానిక్రింద పీచు, దానిక్రింద గోనెపట్ట, అన్నిటి యడుగున అడ్డముగను నిలువుగను అల్లిన పట్టీలు కనబడును. మన నవారుమంచము అల్లికయే యిచ్చటను కలదు.

ఇక చట్రము. కొయ్య చివర నాలుకవలె సన్నగా చెక్కిన భాగము కుసి. అది దూరు రంధ్రము బెజ్జము. పాతకుర్చీలలో ఈ రెంటిని సరేసుతో అతికెడివారు. పశువుల చర్మమును ఎముకలను ఉడికించి తీసిన జిగురే సరేసు. వేడినీటి తడి తగిలినచో అది మెత్తబడును. కావున వడ్రంగి వేడినీటిలో ముంచిన గుడ్డను కీలుకు చుట్టి, జిగురు మెత్తబడినపిమ్మట, కొయ్యసుత్తితో మెల్లగా తట్టి కుసిని వెలికి తీయును. సుత్తిదెబ్బ నేరుగా తగులకుండ నడుమ చెక్కముక్క నుంచును. పాతజిగురును శుభ్రముగా తుడిచి, క్రొత్త సరేసు పూసి మరల బిగించును. సరేసు గిన్నెను నేరుగా నిప్పుమీద పెట్టరాదు. నీళ్లున్న మరియొక గిన్నెలో నుంచి కాచవలయును. మితిమీరి కాగినచో దాని పట్టు తగ్గును.

బిగించిన చట్రమునకు చుట్టును త్రాడు కట్టి, ఆ త్రాటిలో కర్ర దూర్చి మెలిపెట్టినచో కీళ్లన్నియు దగ్గరకు వచ్చును. జిగురు ఆరకమునుపే వడ్రంగి మూలనుండి మూలకు కొలుచును. ఇట్టి కుర్చీల కూర్చుండు చట్రము తరచుగా ముందు వెడల్పుగను వెనుక ఇరుకుగను ఉండును. అయినను ప్రక్కలు రెండును సమానమైనచో కర్ణములు రెండును సమానముగనే యుండవలయును. హెచ్చుతగ్గులున్నచో చట్రము వంకరయైనదన్నమాట. తరగతిలో నేర్చిన క్షేత్రగణితము వడ్రంగి చేతిలో ఇట్లు పనికివచ్చుచున్నది.

పుప్పిపట్టిన కాలు సంగతి యేమి? ఇక్కడనే వడ్రంగి వివేకము తేలును. కాలునంతటిని మార్చుట సులభము. కాని పైభాగము గట్టిగనే యున్నది. దానిపై పూర్వపు పనివాని చెక్కడమున్నది. చెడినంత మేరకే కోసి, అదేజాతి కొయ్యముక్కను ఏటవాలుగా అతుకుట మేలు. అతుకు ఎంత పొడవుగా నున్న జిగురు పట్టుటకు అంత చోటు దొరకును. క్రొత్తముక్క పోగు పాతకాలు పోగు నడచు దిక్కుననే నడువవలయును. కొయ్య పోగుకు అడ్డముగా ఉబ్బి తగ్గునే గాని, పొడవున అంతగా మారదు. పోగులు ఎదురెదురైనచో నాలుగు వానకాలములలో అతుకు విడిపోవును.

చివరకు మెరుగు. పాతకొయ్యపై చేతిస్పర్శవలనను కాలమువలనను ఏర్పడిన నిగ్గు క్రొత్తగా కొనదగినది కాదు. దానిని చిత్రికపట్టి గీకివేయుట ఆ కుర్చీ వయస్సును చెరిపివేయుటయే. మురికిని మాత్రము తుడిచి, స్పిరిటులో కరగించిన లక్కను పలుచగా, పొరపై పొరగా పూయవలయును. ఏటికొప్పాక బొమ్మలకు వన్నె తెచ్చునదియు లక్కయే. ఆపై క్రొత్త పట్టీలు, గోనెపట్ట, పీచు, దూది, గుడ్డ వరుసగా అమర్చవలయును. పీచునకై కోనసీమవారు దూరము పోనక్కరలేదు. కొబ్బరికాయ ఒలిచిన ప్రతి పెరటిలోను అది యున్నది.

ఈ పని యంతటికిని మూలసూత్ర మొక్కటి: నేడు చేసినదానిని రేపటివాడు విప్పగలుగవలయును. సరేసు మేలైనదనుట ఇందుచేతనే. ఒకనాడు కీలు మరల వదులైనను, వేడినీటితో విప్పి బాగుచేయవచ్చును. విడదీయరాని జిగురుతో అతికినవాడు తన తరువాతివాని చేతులు కట్టివేసినవాడగును.

గొప్పవారి సామానులకును ఇట్టి శ్రద్ధయే కావలసివచ్చినది. 1884లో నిర్మాణ మారంభమైన హైదరాబాదు ఫలక్‌నుమా సౌధము, చాలకాలము మూతబడియుండి, సంవత్సరముల తరబడి జరిగిన పునరుద్ధరణము తరువాత, 2010లో హోటలుగా తెరువబడెను. అందు 101 మంది ఒకేసారి కూర్చుండి భుజింపగల బల్లయు, దాని కుర్చీలును నేటికిని చూపరులకు ఆశ్చర్యము గొలుపుచున్నవి. 1951లో ప్రజలకు తెరువబడిన సాలార్‌జంగు మ్యూజియములోను దేశదేశముల పాత ఆసనములు భద్రముగా నున్నవి.

అయినను రాజుల కుర్చీని కాచుటకు ధనమున్నది, సిబ్బంది యున్నది. పల్లెటూరి కుర్చీని కాచుటకు ఇంటివారి మనస్సును, వడ్రంగి చేతినేర్పును మాత్రమే కలవు. కుసి చెక్కగలవారు తగ్గినకొలదియు ఇండ్లలోని పాతసామానులకు దిక్కు తగ్గుచున్నది. పాతవస్తువును బాగుచేయించిన ప్రతివాడు ఒక వస్తువునే కాదు, ఒక విద్యను గూడ నిలుపుచున్నాడు.

ప్రశ్నలు

1. తడిసిన కొయ్యసామానును ఎండలో వేయరాదనుటకు కారణమేమి?
2. ఇనుపమేకులవలన పాతకుర్చీకి కలుగు కీడును వివరింపుడు.
3. చట్రము వంకరగా నున్నదో లేదో వడ్రంగి యెట్లు తెలిసికొనును?
4. "నేడు చేసినదానిని రేపటివాడు విప్పగలుగవలయును" అను సూత్రమును మీ సొంతమాటలలో వ్రాయుడు.