చదువలేని బిడ్డ, నేర్వవలసిన పెద్దలు

వ్యక్తిత్వ వికాసమనగానే మనకు స్ఫురించునది స్వీయాభ్యున్నతి. ధైర్యమును, వాక్పటిమను, కార్యదీక్షను ఎట్లు పెంపొందించుకొనవలెనను విచారము. కాని ఒకరి వ్యక్తిత్వము మరియొకరి చేతిలో రూపుదిద్దుకొనుచున్నప్పుడు, అందునా ఆ మరియొకరు తల్లియో, తండ్రియో, ఉపాధ్యాయుడో అయినప్పుడు, పెద్దలలో రావలసిన మార్పే పిల్లల ఎదుగుదలకు మొదటి మెట్టగును. అక్షరము పట్టుబడని బిడ్డ విషయమున ఈ సత్యము మిక్కిలి స్పష్టముగా గోచరించును.

పలాస, టెక్కలి ప్రాంతములందును, వజ్రపుకొత్తూరు మొదలు ఇచ్ఛాపురము దనుక సాగిన ఉద్దానపు తీరమందును అట్టి పిల్లలు లేకపోలేదు. అట్టి బిడ్డ తోటలో దింపిన కొబ్బరికాయలను పుంజీల లెక్కన క్షణములో నోటితో కూడగలడు. ఒడ్డున విప్పిన వలలోని చేపను చూచినంతనే పేరు చెప్పగలడు. తాత చెప్పిన కథను పొల్లుపోకుండ తిరిగి వినిపించగలడు. కాని వాచకము తెరచినంతనే ఆ చురుకుదనమంతయు అణగిపోవును. ‘మామయ్య’ అన్న మాట కడ వ్రేలు ఆగిపోవును. మొదటి అక్షరము మకారమో యకారమో తేలదు. క్రిందనున్న వత్తు ఏ ధ్వనికి గుర్తో తోచదు. మొదటి పంక్తిలో ఎట్లో కూడబలుకుకొన్న మాటయే మూడవ పంక్తిలో మరల ఎదురైనచో ఎన్నడును చూడనిదానివలె కానవచ్చును. ఇంతలో వెనుక వరుస పిల్లలు నవ్వుదురు. “అన్నీ నోటికి చెప్పేస్తాడు మేష్టారూ, పుస్తకం తీస్తేనే బెదిరిపోతాడు” అని తల్లి వాపోవును.

ఆ తల్లి మాటను వట్టి మొరగా త్రోసిపుచ్చరాదు. జర్మను నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 1887లో చదువుటలోని ఇబ్బందికి డిస్లెక్సియా అను పేరును వాడుకలోనికి తెచ్చెను. 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మార్గన్ పదునాలుగేండ్ల బాలుని స్థితిని వైద్యపత్రికలో వర్ణించుచు, బోధన యంతయు నోటిమాటగా సాగినయెడల బడిలో వానిని మించినవాడు ఉండడని ఆతని గురువు చెప్పినట్లు వ్రాసెను. ఆ గురువు చెప్పినదియు, ఉద్దానపు తల్లి చెప్పినదియు ఒక్కటే. లోపము బుద్ధిలో లేదు, కంటిలో లేదు, శ్రద్ధలో లేదు. మాటలోని ధ్వనులను విడదీసి, వానిని లిపితో జతపరచు మెదడు పనిలో ఉన్నది. ఇది పెక్కు కుటుంబములలో వంశపారంపర్యముగా వచ్చుచుండును. మన లిపిలో వ్రాతకును పలుకుబడికిని పొందిక యుండుటచే, ఇట్టి పిల్లలు కొంతకాలమునకు తప్పులు తగ్గించుకొన్నను చదువు మాత్రము నెమ్మదిగనే సాగును. ఆ నెమ్మదిని చూచి లోకము ‘సోమరి’ యని పేరు పెట్టును. ఇక ఇంగ్లీషు స్పెల్లింగులలో ఆ పొందికయు అంతగా లేనందున కష్టము రెట్టింపగును.

ఇచ్చట మన ప్రాంతపు మహోపాధ్యాయు నొకరిని స్మరింపవలయును. వంశధారా తీరమున 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి, టెక్కలికి చేరువనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, చుట్టుపట్ల కొండలలోని సవర గిరిజనుల పిల్లలకు చదువు అందకపోవుట గమనించిరి. ఆ పిల్లలు మందబుద్ధులని తీర్మానించి ఊరకుండుట సులభమే. ఆయన ఆ పని చేయలేదు. సవర యొకనిని ఇంట నిలుపుకొని తామే ఆ భాష నేర్చిరి, ఆ భాషలో వాచకములు వ్రాసిరి, సొంత ఖర్చుతో బడులు పెట్టిరి. మన్యపు జ్వరమునకు వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నను కృషి విడువక, 1931లో సవరభాషా వ్యాకరణమును వెలువరించిరి. ఆ సవర పిల్లల అవసరము వేరు, మన బిడ్డ అవసరము వేరు. కాని బిడ్డకు పాఠము అందనప్పుడు బోధించువాడే ముందుగా మారవలెనను ఆయన శీలము రెండింటికిని వర్తించును.

మారుట యనగా ఏమి చేయుట? మొదట కన్ను, చెవి పరీక్ష చేయించి ఆ సందేహము తీర్చుకొనవలయును. పిదప అక్షరమును కంటికి మాత్రమే విడువక చేతికిని చెవికిని కూడ అప్పగింపవలయును. పూర్వము వీధిబడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో దిద్దుచు, ఆ అక్షరమునే ఎలుగెత్తి పలుకుచుండిరి. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిలింగ్‌హామ్ అనువారు ఇట్టి బిడ్డలకై రూపొందించిన పద్ధతిలోను చూపు, పలుకు, చేతికదలిక ఏకకాలమున పనిచేయుట ప్రధానము. ఇసుకకు కొదువలేని ఉద్దానములో ఇందులకు ఖర్చేమియు లేదు. ‘కొబ్బరి’ అను మాటను చప్పట్లతో కొ-బ్బ-రి యని విడదీయించి, ఆ పిదపనే వ్రాయింపవలయును. మ, య ల వంటి పోలికగల అక్షరములను ఒకేదినమున నేర్పక, ఒకటి స్థిరపడిన తరువాతనే రెండవది చూపవలయును. దినమునకు పావుగంట చాలును. కాని ఒక దినమైనను తప్పరాదు. తలిదండ్రులు చెన్నపట్టణమునకో హైదరాబాదునకో వలసపోగా బిడ్డను సాకుచున్న అమ్మమ్మకు చదువు రాకున్నను చింతలేదు. ఆమె చెప్పు కథయు, పొడుపుకథయు బిడ్డ పదసంపదను పెంచును.

తరగతిలో అందరియెదుట బలవంతముగా చదివింపరాదు. చరిత్రయు విజ్ఞానశాస్త్రమును ఎంతవరకు గ్రహించెనో నోటితో అడిగి తెలిసికొనవలయును. ఇది దయాభిక్ష కాదు, హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము డిస్లెక్సియా వంటి ప్రత్యేక అభ్యసన వైకల్యమును గుర్తించినది. పాఠశాలలు దీనిని సత్వరము కనిపెట్టవలెనని ఆదేశించినది. పరీక్షలో అదనపు సమయమునకు, వ్రాసిపెట్టు సహాయకునికి, రెండవ మూడవ భాషల మినహాయింపునకు త్రోవ చూపినది. మండలములోని భవిత కేంద్రమున ప్రత్యేకావసరములు గల పిల్లలకై శిక్షణపొందిన ఉపాధ్యాయులు ఉందురు. వైకల్య నిర్ధారణ పరీక్షకును ధ్రువపత్రమునకును ఎచ్చటికి పోవలెనో వారిని అడుగవచ్చును.

ఇన్ని చేసినను చదువు నెమ్మదిగనే వచ్చును. ఆ ఆలస్యమును సహించుటయందే పెద్దల వ్యక్తిత్వము పరీక్షకు నిలుచును. పక్కింటి బిడ్డ మార్కులతో పోల్చకుండుట, చుట్టముల యెదుట ‘మావాడు మొద్దు’ అనకుండుట, నిన్న రాని మాట నేడు వచ్చినచో గుర్తించి మెచ్చుకొనుట చిన్నవిగా కనబడును గాని, కోపమును, పరువు భయమును జయించినవారికి గాని సాధ్యములు కావు. తాను తెలివితక్కువవాడనని ఒకసారి నమ్మిన బిడ్డ, వచ్చిన అక్షరమును కూడ పైకి పలుకుటకు జంకును. కావున మీ ఇంట అట్టి బిడ్డ యున్నచో, వాని నోట్సులోని తప్పులను లెక్కించు పని నేటికి ఆపుడు. వానికి చక్కగా వచ్చిన పనులను కాగితముపై వ్రాసి, రేపే బడికి పోయి, వాని పంతులుగారి యెదుట కూర్చుండి ఆ పట్టికతోనే మాట మొదలిడుడు.