ఫ్లోచార్టు గీయు విధము

ఒక పనిని ఏ వరుసను చేయవలయునో పది వాక్యములలో చెప్పవచ్చును. లేదా ఒక్క పటమున చూపవచ్చును. అట్టి పటమునకు ఫ్లోచార్టు అని పేరు. పనుల వరుసను గుర్తులతో చూపు విధానమును ఫ్రాంక్ గిల్‌బ్రెత్, లిలియన్ గిల్‌బ్రెత్ అను దంపతులు 1921వ సంవత్సరమున అమెరికాలోని మెకానికల్ ఇంజనీర్ల సంఘము నెదుట వివరించిరి. 1947లో గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్ అను గణితశాస్త్రజ్ఞులు కంప్యూటరు చేయవలసిన లెక్కల వరుసను ఇట్టి పటములతోనే తెలిపిరి. నేడు పవర్‌పాయింటు నందు వీనిని సులభముగా గీయవచ్చును. అయినను సులభముగా గీసినదెల్ల సరియైనది కాదు.

మొదట ఆకారములను గూర్చి తెలిసికొందము. కొనలు గుండ్రనైన పెట్టె ఆరంభమునకును ముగింపునకును గుర్తు. దీర్ఘచతురస్రము చేయవలసిన పనిని తెలుపును. ప్రక్కకు వాలిన చతుర్భుజము లోనికి వచ్చు లేక వెలికి పోవు సమాచారమును తెలుపును. డైమండు ఆకారము ప్రశ్నను తెలుపును. దానినుండి 'అవును', 'లేదు' అను రెండు దారులు తప్పక వెడలవలెను. 'ఇన్సర్టు' క్రింద 'షేప్స్' అను చోట, 'ఫ్లోచార్ట్' అను శీర్షికయందు ఇవన్నియు గలవు.

పెట్టెలను అమర్చిన పిదప వానిని కలుపవలెను. ఇందులకు 'షేప్స్' లోనే 'లైన్స్' అను వరుసయందు కనెక్టరులు గలవు. వంపు తిరుగు దారికి 'ఎల్బో ఆరో' తగినది. గీత కొనను పెట్టె చెంతకు తెచ్చినపుడు దాని అంచులయందు చిన్న చుక్కలు అగపడును. సరిగా ఆ చుక్కమీదనే కొనను విడువవలెను. అతుకుకొనినచో క్రొత్త కూర్పులలో ఆ చుక్క ఆకుపచ్చగా కనబడును. అతుకనిచో తెల్లగా నుండును. గీతమీద అక్షరములు వ్రాయ వీలులేదు గనుక 'అవును', 'లేదు' అను మాటలకు వేరుగా టెక్స్టు బాక్సు నుంచవలెను. పెట్టెలు వంకరగా నున్నచో, వానినన్నిటిని ఎన్నుకొని 'అలైన్' అను ఆజ్ఞతో చక్కజేయవచ్చును.

ఇక ఒక ఉదాహరణము. 'పాము కరచినపుడు చేయవలసిన పనులు' అను ఫ్లోచార్టును మా పదవ తరగతి విద్యార్థి యొకడు తలిదండ్రుల సభకై సిద్ధపరచెను. పటము కంటికి ఇంపుగా నుండెను. సభకు ముందు రోజున మేము 'ఆసుపత్రి' అను పెట్టెను కొంచెము క్రిందికి జరిపితిమి. పెట్టె కదలెను గాని బాణము పాతచోటనే నిలిచి, ఏమియు లేని చోటును చూపుచుండెను. బాణపు కొన చుక్కకు అతుకక, దాని ప్రక్కన ఊరక ఆనియుండుటయే ఇందులకు కారణము. కావున పటము ముగిసిన వెంటనే ఒక్కొక్క పెట్టెను కదల్చి చూడుడు. గీతయు వెంట వచ్చినచో అది అతికినట్లే.

రెండవ దోషము ఇంతకంటె పెద్దది. డైమండులో 'కాటు వద్ద వాపు గలదా?' అని యుండెను. 'లేదు' అను బాణము 'ఇంటివద్ద విశ్రాంతి' అను పెట్టెకు పోవుచుండెను. గీతలన్నియు చక్కగా అతికియే యున్నవి! మేము రెండు మారులు చూచియు పొరపాటును కనుగొనమైతిమి. వ్రేలితో ఆ బాణము వెంట పోయినపుడే మా గుండె ఝల్లుమన్నది. ఏలయనగా కట్లపాము కరచినచోట పలుమారులు వాపుగాని నొప్పిగాని అంతగా నుండదు. గాటు సయితము కనబడకపోవచ్చును. నేలపై నిదురించువారిని అది రాత్రివేళ కరచుట కలదు. ఆ పటమును నమ్మిన తల్లి బిడ్డను ఇంటనే పరుండబెట్టి యుండును.

అంతట ఆ విద్యార్థి ఆ డైమండును తీసివేసి పటమును తిరిగి గీసెను. ఆరంభము, ధైర్యము చెప్పి కదలకుండ నుంచుట, ఉంగరములు, గాజులు తీయుట, కోయకుండుట, పీల్చకుండుట, బిగించి కట్టకుండుట. పిమ్మట 'ఇచ్చటికి 108 వాహనము త్వరగా రాగలదా?' అను ప్రశ్న. 'అవును' అయినచో అందులో, 'లేదు' అయినచో దొరికిన వాహనములో. రెండు దారులును ఆసుపత్రికే చేరును. విషము ఎక్కినదో లేదో నిర్ణయించుట వైద్యుని పని, యాంటీవెనమ్ ఇచ్చుటయు ఆయన పనియే. డైమండులో ఉంచదగిన ప్రశ్న, ఆ చోట నిలిచిన మనుష్యుడు నిజముగా ఉత్తర మియ్యగలిగినదై యుండవలెను.

అభ్యాసము: 1. మీ యింట బావినీటిని త్రాగుటకు సిద్ధపరచు విధమునకు ఫ్లోచార్టు గీయుడు. 2. ప్రతి పెట్టెను కదల్చి గీతలను పరీక్షింపుడు. 3. ప్రతి 'లేదు' వెంటను ముగింపు వరకు వ్రేలితో పోయి, అచ్చటికి చేరిన మనుష్యునికి ఏమగునో ఒక వాక్యమున వ్రాయుడు. ఈ మూడవది మరువకుడు. దానిని కంప్యూటరు మనకొరకు చేయదు.