యౌవనము - మొటిమలు

యౌవనం ప్రవేశించే వేళ ముఖం మీద పిలవకుండానే వచ్చే అతిథి మొటిమ. ఉర్దూలో దీనినే ముహాసా అంటారు. 12 నుంచి 24 ఏండ్ల మధ్య వయస్సు గలవారిలో నూటికి సుమారు 85 మందికి ఏదో ఒక దశలో మొటిమలు వస్తాయని చర్మవైద్యుల అంచనా. ప్రాణాపాయం లేని వ్యాధి కనుక పెద్దలు దీనిని తేలికగా తీసుకుంటారు. కాని నలుగురిలో నిలబడి మాట్లాడడానికి, ఫోటో దిగడానికి జంకే విద్యార్థికి ఇది తేలిక విషయం కాదు. ఆ జంకులో నుంచి తొందర పుడుతుంది. తొందరలో చేసుకున్న వైద్యం ఒక్కొక్కప్పుడు వ్యాధికంటె ఎక్కువ కీడు చేస్తుంది. కాబట్టి మొటిమ ఎలా పుడుతుందో, ఎలా తగ్గుతుందో శాస్త్రీయంగా తెలుసుకోవడం అవసరం.

మొటిమ పుట్టుక

మన చర్మంలో ప్రతి రోమకూపానికి అనుబంధంగా ఒక తైలగ్రంథి ఉంటుంది. అది స్రవించే జిడ్డును సీబమ్ అంటారు. చర్మం ఎండిపోకుండా కాపాడడం దీని పని. యౌవనారంభంలో బాలబాలికలిద్దరి శరీరాలలోను ఆండ్రోజెన్ అనే హార్మోన్లు అధికమై ఈ గ్రంథులను ప్రేరేపిస్తాయి. జిడ్డు ఎక్కువవుతుంది. అదే సమయంలో రోమకూపపు లోపలి గోడల నుంచి రాలే మృతకణాలు బయటికి పోక, జిడ్డుతో కలిసి రంధ్రానికి బిరడాలా అడ్డుపడతాయి. లోపల నిలిచిన జిడ్డులో క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెందుతుంది. ఫలితంగా వాపు, ఎరుపు, చీము ఏర్పడతాయి. జిడ్డు, అడ్డు, సూక్ష్మజీవి, వాపు అనే ఈ నాలుగూ మొటిమకు మూలాలు. ప్రతి మందూ ఈ నాలుగింటిలో ఒకదానినో అంతకంటె ఎక్కువ వాటినో ఎదుర్కొంటుంది.

కొన్ని అపోహలు

ముఖం శుభ్రంగా కడుక్కోనివారికే మొటిమలు వస్తాయన్నది అపోహ. నల్లని మొటిమల తలలోని నలుపు మురికి కాదు; చర్మంలోని మెలనిన్ అనే వర్ణపదార్థం, గాలి తగిలి మారిన జిడ్డు కలిసి ఇచ్చే రంగు. కాబట్టి సబ్బుతోను, గరుకైన సున్నిపిండితోను ముఖాన్ని పదే పదే రుద్దితే చర్మం మరింత రేగుతుంది. నిమ్మరసం, టూత్‌పేస్టు పూయడం వల్ల మంట, మచ్చలు మిగులుతాయి. మొటిమలకూ శీలానికీ ముడిపెట్టే మాటలలో సత్యం లేదు.

ఆహారం విషయంలో కొంత వివేచన అవసరం. 1969లో అమెరికాలో చాక్లెట్‌ను పరీక్షించిన వైద్యులు అది మొటిమలకు కారణం కాదని తేల్చారు. అయితే పోల్చడానికి ఇచ్చిన బిళ్ళలలో కూడా చక్కెర, కొవ్వు సమృద్ధిగా ఉన్నందున ఆ తీర్పును తరువాతి వారు ప్రశ్నించారు. చక్కెర, మైదా అధికంగా గల ఆహారం, కొందరిలో పాలు మొటిమలను పెంచవచ్చునని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. వాటిని తగ్గించడం మంచిదే. కాని పథ్యం ఒక్కటే చికిత్స కాజాలదు.

నూనెలు - కర్మాగారాలు

తలకు దట్టంగా నూనె రాసుకోవడం మనకు అలవాటు. ఆ నూనె నుదుటికి జారి రంధ్రాలను మూస్తే నుదుటి మీద, కణతల మీద చిన్న చిన్న పొక్కులు బారులు తీరుతాయి. నూనెను తగ్గించి, ముఖానికి దిగకుండా చూసుకుంటే ఇవి క్రమంగా తగ్గుతాయి.

మన ప్రాంతానికి సంబంధించిన మరొక కారణం కలదు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వరకు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలలో మన విద్యార్థుల తండ్రులు, అన్నలు పనిచేస్తున్నారు. చదువు ముగిసిన తరువాత మనలో అనేకులు అక్కడికే వెళతారు. లేత్ యంత్రాల వద్ద వాడే కటింగ్ ఆయిల్, గ్రీజు చర్మరంధ్రాలను మూసివేసి మొటిమలను పుట్టిస్తాయి. వీటికి ఒక గుర్తు ఉంది. సాధారణ మొటిమలు ముఖం, వీపు, ఛాతీల మీద వస్తే, ఇవి ముంజేతుల మీద, నూనె తడిసిన ప్యాంటు అంటుకొనే తొడల మీద కూడా వస్తాయి. కొలిమి వేడి, చెమట, హెల్మెట్ పట్టీ రాపిడి ఉన్న మొటిమలను పెంచుతాయి. నూనె చేతులను కిరోసిన్‌తోనో థిన్నర్‌తోనో కడుక్కోవడం చర్మానికి హానికరం. పని దుస్తులను తరచు మార్చడం, నూనె గుడ్డతో ముఖం తుడుచుకోకపోవడం, పని ముగియగానే మామూలు సబ్బుతో స్నానం చేయడం తగిన జాగ్రత్తలు. కార్మికులు చేతులు, ముఖం కడుక్కొనడానికి తగిన వసతి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 42వ సెక్షన్‌లోనే విధించారు. అందుచేత ఆ వసతిని అడగడం యాచన కాదు.

కొన్ని క్లోరిన్ రసాయనాల వల్ల వచ్చే క్లోరాక్నె అనే వ్యాధి ఇంతకంటె తీవ్రమైనది. 1899లో జర్మన్ వైద్యుడు హెర్క్స్‌హైమర్ దీనిని వర్ణించాడు. 1976 జూలై 10న ఇటలీలోని సెవెసో వద్ద ఒక రసాయన కర్మాగారం నుంచి డయాక్సిన్ వెలువడగా, సుమారు 200 మందికి ఈ వ్యాధి సోకింది. వారిలో అత్యధికులు పిల్లలు. ఇది అరుదైన వ్యాధి. మన ముఖం మీది ప్రతి మొటిమనూ దీనికి ముడిపెట్టరాదు. కాని ఒకే షాపులో పనిచేసే పలువురికి ఒకేసారి చెంపల మీద, చెవుల వెనుక నల్లని పొక్కులు వస్తే వెంటనే వైద్యునికి చూపించి, పనిచేసే స్థలాన్ని గురించి కూడా చెప్పాలి.

చికిత్స

రోజుకు రెండుసార్లు సున్నితమైన సబ్బుతో ముఖం కడుక్కోవాలి. మొటిమలను గిల్లరాదు, గిల్లితే గుంటలు, నల్లమచ్చలు పడతాయి. కొద్దిపాటి మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం సరిపోతుంది. అది సూక్ష్మజీవిని చంపుతుంది. తగిలిన గుడ్డ రంగును కూడా పోగొడుతుంది కనుక దిండుగలేబు విషయంలో జాగ్రత్త వహించాలి. రంధ్రాల అడ్డును తొలగించడానికి అడాపలీన్‌ను శనగగింజంత తీసుకొని రాత్రిపూట ముఖమంతా పలుచగా రాయాలి. మొదట కొంత మంట, పొట్టు సహజం. పగటి ఎండ నుంచి ముఖాన్ని కాపాడుకోవాలి. గర్భిణులు దీనిని వాడరాదు. ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పది రోజులకే మందు పనిచేయలేదని మానివేయడం వల్లనే చాలామంది నిరాశ చెందుతున్నారు.

చీముగడ్డలు, గుంటలు పడే మొటిమలు ఉంటే వైద్యుడు డాక్సీసైక్లిన్ వంటి మాత్రలను పరిమిత కాలానికి ఇస్తాడు. తీవ్రమైన వాటికి ఐసోట్రెటినాయిన్ ఉంది. గర్భస్థ శిశువుకు అది మహాప్రమాదకరం కనుక వైద్యుని పర్యవేక్షణ లేకుండా ఎంతమాత్రం వాడరాదు. బాలికలలో మొటిమలతోపాటు ఋతుక్రమం తప్పడం, ముఖాన వెంట్రుకలు పెరగడం ఉంటే హార్మోన్ల పరీక్ష అవసరం.

ట్యూబు మీది అక్షరాలు

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. స్నేహితుడు చెప్పాడనో, ముఖం తెల్లబడుతుందనో మందుల దుకాణంలో కొని రాసుకొనే క్రీములలో అనేకం స్టెరాయిడ్లు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు ట్యూబు మీద ఉన్నాయేమో చదివి చూడండి. మొదటి వారంలో ఎరుపు తగ్గి ముఖం మెరుస్తుంది. ఆపైన చర్మం పలుచబడి, ఎర్రని నరాలు బయటపడి, మొటిమలు గుంపులుగా వస్తాయి. మానితే మంట, మంట తగ్గడానికి మళ్ళీ అదే క్రీము. 2011లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, మన దేశంలోని 12 చర్మవైద్య కేంద్రాలకు వచ్చిన 2926 మంది రోగులలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ వాడుతున్నట్లు తేలింది. వారిలో ఎక్కువగా కనిపించిన దుష్ఫలితం మొటిమలే! 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పై పూత మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధనను కఠినం చేసింది. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి దాచక, ట్యూబు వెంట తీసుకొని చర్మవైద్యుని వద్దకు వెళ్ళాలి. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉన్నది.

విద్యార్థులారా! మొటిమ మీ తప్పు కాదు, మీ శిక్షా కాదు. కాలం, క్రమమైన చికిత్స దానిని తగ్గిస్తాయి. తెలుపు కోసం కొన్న ట్యూబు చేసిన గాయం మాత్రం ఏండ్ల తరబడి మిగలవచ్చు. తోటి విద్యార్థి ముఖం చూసి హాస్యమాడడానికి బదులు, ఈ నాలుగు మాటలు అతనికి చెప్పగలిగితే మీ చదువు సార్థకమవుతుంది.